మట్టి వయసా, చెరువు వయసా?

రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు జియాలజీ చెప్పి రిటైరయ్యాను. ఆ సబ్జెక్టు ఒకటుందని కూడా మీలో చాలామందికి తెలిసుండదు, తప్పు మీది కాదులెండి. అది రాళ్ళ చదువు. ఏ రాయి ఎక్కడ పుట్టింది, ఎన్నేళ్ళయింది, పుట్టాక దాని నెత్తిన ఏమేం జరిగాయి అని ఆరా తీసే చదువు. సుత్తి పట్టుకుని తిరుగుతానని, క్లాసులో గట్టిగా అరుస్తానని పిల్లలు నాకో పేరు పెట్టారు. అది ఇక్కడ రాయను.

డెల్టా పిల్లలకి రాళ్ళ పాఠం చెప్పడంలో ఒక చిక్కుంది. మన డెల్టాలో రాయి లేదు. రామచంద్రపురం దగ్గర బోరు వేస్తే వచ్చేది ఒండ్రు, ఇసక, మళ్ళీ ఒండ్రు. కంటికి కనిపించే రాయల్లా ఎక్కడో క్వారీలో పుట్టి లారీ ఎక్కి వచ్చిందే. రైలు పట్టాల కింద కంకరైనా అంతే, కాలవ గట్టుకి పేర్చిన రాయైనా అంతే. అయినా ప్రతి ఏడూ ఫస్టియర్లో ఒకడు నల్లరాయి ఒకటి సంచిలో వేసుకొచ్చి, "మేడం, మా ఊళ్ళో దొరికిందండి" అనేవాడు. వాడి మొహంలో సంతోషం చూస్తే జాలేసేది కానీ నా నోరు ఊరుకునేది కాదు. "మీ ఊళ్ళో రాయి పుట్టదు నాయనా, వస్తుంది. ఎప్పుడు పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఎప్పుడొచ్చిందన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండూ కలిపేశావంటే నీ చదువు కాలవలో కలిసినట్టే" అనేదాన్ని. మా గ్రూపులో మొదటి పాఠం అదే. ముప్పై ఏళ్ళు అదే పాఠం చెప్పినదాన్ని, నిండు సభలో నేనే దాన్ని మర్చిపోయాను. ఆ సంగతే రాస్తున్నాను.

కరోనా వచ్చి వెళ్ళిన రెండో ఏడు. అప్పటికే పిల్లలందరూ కంప్యూటర్ గ్రూపుల మీద పడ్డారు. మా డిపార్ట్‌మెంట్ కాలేజీ వెనక ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డు మీద ప్రిన్సిపాల్ గారి కన్ను ఎప్పట్నించో ఉంది, అక్కడ ఇంకో కంప్యూటర్ ల్యాబ్ పెట్టాలని. మంచాయనే, కాకపోతే ఖాళీ బెంచీ కనిపిస్తే ఆయనకి నిద్రపట్టదు. మే నెలలో పిలిచి చెప్పేశారు.

"మేడం గారూ, ఈసారి పది కాగితాలు రాకపోతే జియాలజీ ఎత్తేస్తామండి. మీకేం ఇబ్బంది లేదు. పర్యావరణం క్లాసులు ఇస్తాం."

కాగితాలంటే ఏంటో చెప్పాలి. అడ్మిషన్లు ఆన్‌లైన్లోనే అయినా, మా కాలేజీలో ముందుగా తండ్రో తల్లో సంతకం పెట్టిన ఒప్పుకోలు కాగితం ఒకటి తీసుకునేవారు. ఏ గ్రూపు ఉండాలి, ఏది పోవాలి అన్నది ఆ కాగితాలే తేల్చేవి. అప్పటికి నా దగ్గరున్నవి ఎనిమిది.

నాకు రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. పర్యావరణమో, పాకశాస్త్రమో, ఏదో ఒకటి చెప్పుకుని బయటపడేదాన్ని. నా బెంగ నా గురించి కాదు, మా ల్యాబ్ అటెండరు గారి గురించి. ఆయనది అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. గ్రూపు పోతే ఆ మర్నాటి నుంచి ఆయన లేనట్టే. యాభై రెండేళ్ళ మనిషిని కొత్తగా ఎవరు పన్లో పెట్టుకుంటారు?

ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు తిన్నది అరగదు. ధవళేశ్వరం నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవారు. పదో తరగతి తప్పారు. మా షెడ్డులో రాళ్ళు వందల్లో ఉండేవి, చెక్క ట్రేల్లో. ప్రతి రాయి మీదా తెల్లరంగు చుక్క పెట్టి, ఆరాక దాని మీద నల్లసిరాతో నంబరు వేయాలి. ఆ నంబరు పోయిందంటే రాయి పుట్టిన ఊరు పోయినట్టే, ఇంక అది గుమ్మం దగ్గర తలుపుకి అడ్డం పెట్టుకోవడానికే పనికొస్తుంది. ఇరవై రెండేళ్ళలో ఆయన చేతిలో ఒక్క రాయి ఊరు పోగొట్టుకోలేదు. నేను రిజిస్టర్ తియ్యకముందే, రాయి చేత్తో పట్టుకుని బరువు చూసి, "పంగిడి క్వారీదమ్మా, రెండో అరలోది" అనేవారు. నోట్లో నాలుక లేని మనిషి. నాకేమో నోటి నిండా నాలుకే.

సరే, పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పిలిచి ప్రతి గ్రూపు వాళ్ళూ తమ గొప్ప చెప్పుకునే రోజొకటి జూన్ మొదటి వారంలో పెట్టారు. ఆడిటోరియంలో గ్రూపుకి అరగంట. రెండు కాగితాలు రావాలంటే ఆ అరగంటే నాకు దిక్కు. పంగిడి రాళ్ళు చూపిస్తే ఎవరూ చూడరు. పిల్లలు ఫోన్లలో ఏం చూస్తున్నారా అని నాలుగు రోజులు గమనించాను. మార్స్ మీద తిరిగే రోవర్ వీడియోలు చూస్తున్నారు. ఆరు చక్రాల బండి ఎర్రటి నేల మీద పాకుతూ పోతుంటే నోరు వెళ్ళబెట్టి చూస్తున్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ బండి అక్కడ చేసేది నా పనే కదా! రాయికి చిల్లు పొడిచి, పొడి తీసి, వయసు కట్టడం. అదే చెబుదామనుకున్నాను.

దాని పద్ధతి వినండి, కష్టమేం కాదు. చాలా రాళ్ళలో పొటాషియం ఉంటుంది. అందులో ఒక చిన్న వంతు చాలా నెమ్మదిగా ఆర్గాన్ అనే వాయువుగా మారుతూ ఉంటుంది. ఎంత కాలానికి ఎంత మారుతుందో మనకి తెలుసు. కరిగిన రాయి గట్టిపడినప్పటి నుంచి ఆ వాయువు లోపలే చిక్కుకుని ఉంటుంది. కాబట్టి పొటాషియం ఎంతుంది, ఆర్గాన్ ఎంతుంది అని రెండూ కొలిస్తే వయసు తేలుతుంది. రోవర్ కడుపులో చిన్న పొయ్యి ఉంది. రాతి పొడిని అందులో వేసి ఎర్రగా కాలిస్తే వాయువు బయటికొస్తుంది, పరికరం దాన్ని కొలుస్తుంది. మనం ఇక్కడ పెద్ద ల్యాబుల్లో చేసే పనిని అది అక్కడ ఒంటరిగా చేస్తోంది.

ఇది జనానికి చెప్పడానికి నేను మూడు కాయలు తెప్పించాను. ఒక లేత బొండం, ఒక దోర కాయ, ఒక ముదురు కొబ్బరికాయ. బొండంలో అంతా నీళ్ళే. ముదిరిన కొద్దీ నీళ్ళు తగ్గుతాయి, కొబ్బరి కడుతుంది. కాయ ఊపి చూసి వయసు చెప్పడం మనవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య. రాయీ అంతేనండి, లోపల మిగిలిందెంత, కట్టిందెంత అని చూడటమే. చిప్ప పగలకుండా ఉంటేనే లెక్క సరిపోతుంది. పగిలిందా, ఆర్గాన్ కారిపోతుంది, వయసు తక్కువ చూపిస్తుంది. ఈ పోలిక నాకు తట్టినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను.

ముందు రోజు షెడ్డులో రిహార్సల్ చేశాను. అటెండరు గారొక్కరే శ్రోత. మార్స్ మీద ఒక పెద్ద గుంటలో ఒకప్పుడు సరస్సు ఉండేదని, దాని అడుగున పేరుకున్న మట్టి గట్టిపడి రాయైందని, ఆ మట్టిరాయి పొడినే రోవర్ కాల్చి చూసిందని, నాలుగు వందల కోట్ల ఏళ్ళకి పైనే తేలిందని చెప్పి, చివర్లో గొంతు పెంచి, "అంటే నాలుగు వందల కోట్ల ఏళ్ళ కిందట అక్కడ నీళ్ళతో నిండిన సరస్సు ఉందన్నమాట!" అన్నాను.

ఆయన చేతిలో గుడ్డతో ట్రే తుడుస్తూ ఆగారు.

"అమ్మా, ఒక మాటండి. ఆ మట్టి ఎక్కడ్నించో కొట్టుకొచ్చుంటుంది కదండి. మా ఆనకట్ట దగ్గర ఎర్రనీళ్ళు వస్తాయి, ఆ మట్టంతా పైనెక్కడిదోనండి. మరి..."

నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను మాంచి ఊపులో ఉన్నాను. గడియారం చూసుకుంటున్నాను. "ఇవన్నీ ఇప్పుడు మీకెందుకండీ? అవతల సైంటిస్టులు తేల్చేశారు. ట్రేలు తుడవండి" అన్నాను.

"ఆయ్" అని తల వంచుకుని తుడిచారు. అంతే. నా జీవితంలో నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేవి చాలా ఉన్నాయి. మొదటి వరసలో ఉండేది అదే.

మర్నాడు ఆడిటోరియం నిండిపోయింది. మండపేట నుంచి, రామచంద్రపురం నుంచి, ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని వెంటేసుకుని వచ్చారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గానీ చెమటలు కారిపోతున్నాయి. ముందు కంప్యూటర్ గ్రూపు వాళ్ళు ఉద్యోగాల బొమ్మలు చూపించి చప్పట్లు కొట్టించుకున్నారు. తర్వాత నేను. కాయలు ఊపి, ముదురుది కొట్టి ముక్కలు పంచగానే హాలంతా కదిలింది. ఒక ముసలాయన లేచి, "రెండోది ఇంకో నెలాగితే కొట్టొచ్చండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ ఊపులోనే చివరి మాట కూడా అనేశాను, నాలుగు వందల కోట్ల ఏళ్ళ నాటి సరస్సు అని. చప్పట్లు పడ్డాయి.

"ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అన్నాను, ఎవరూ అడగరన్న ధైర్యంతో.

నాలుగో వరసలో ఒకాయన లేచారు. తెల్లచొక్కా, పంచె, భుజాన తువ్వాలు. పక్కన కూతురు కాబోలు, చొక్కా అంచు పట్టుకుని "నాన్నా, కూర్చో" అని లాగుతోంది. ఆయన కూర్చోలేదు.

"మేడం గారండి, మాది రామచంద్రపురం అవతలండి. వ్యవసాయం. నాకు తెలీక అడుగుతున్నానండి. ఆ రాయి మట్టిరాయన్నారు కదండి?"

"అవునండి."

"మట్టంటే ఎక్కడో కొండరాయి అరిగి, నీళ్ళకి కొట్టుకొచ్చి, చెరువులో పడిందే కదండి. పోయినేడు వరదకి నా చేలో మూరెడు ఒండ్రు మేటేసిందండి. అది వచ్చింది మొన్న. ఆ మట్టి పుట్టింది ఎప్పుడో, ఎక్కడో. ఇప్పుడు మీరు కట్టింది మట్టి వయసాండి, చెరువు వయసాండి?"

చేతిలోని కాయ బల్ల మీద పెట్టేశాను. మన ఊళ్ళో రాయి పుట్టదు, వస్తుంది అని ముప్పై ఏళ్ళు అరిచింది నేను. ఆ ముక్కని ఒక రైతు నా మొహం మీద నాకే తిప్పి చెప్పాడు. మట్టిగింజలు పాతవి, చెరువు తర్వాతది. నేను చెప్పింది పచ్చి తప్పు. అదేదో చిన్న పొరపాటు కూడా కాదు, నా ఫస్టియర్ కుర్రాళ్ళని నేను నిలబెట్టి తిట్టే తప్పు.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. తప్పించుకునే దారి నాకు కనిపించింది. "మంచి ప్రశ్నండి, అది పై చదువుల్లో వస్తుంది" అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు హాలు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డ అటెండరు గారు కనిపించారు. ఆయన నా వైపు చూడటం లేదు. నేలకేసి చూస్తున్నారు, నేనెక్కడ సిగ్గుపడతానో అని.

"మీరడిగింది కరెక్టండి. నేను చెప్పింది తప్పు" అన్నాను మైకులో. "అది మట్టిగింజల వయసు. చెరువు వయసు కాదు. ఇదే ప్రశ్న నిన్న మా అటెండరు గారు నన్ను అడిగారు. ట్రేలు తుడుచుకోమని ఆయన నోరు మూయించాను. అందరి ముందూ ఆయనకి క్షమాపణ చెబుతున్నానండి. మరి చెరువు వయసు ఎలా తెలుస్తుందంటారా, నాకు తెలీదు. తెలుసుకుని చెబుతాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలా కొట్టడానికి అదేమన్నా సినిమానా? ఆ రైతు "ఆయ్, తెలిశాక చెప్పండి" అని కూర్చున్నారు. అటెండరు గారు గోడకి అతుక్కుపోయారు. తర్వాత గ్రూపు వాళ్ళు ప్రొజెక్టర్ సర్దుకోవడం మొదలుపెట్టారు.

బయట ప్రిన్సిపాల్ గారు పట్టుకున్నారు. "అదేంటి మేడం గారూ, తప్పని మైకులో చెప్పడం అవసరమాండీ? పేరెంట్సు ఏమనుకుంటారు?"

"నిజం చెప్పిందనే అనుకుంటారండి" అన్నాను. అప్పుడు నా నోరు బాగానే పనిచేసింది.

ఆ సాయంత్రం ఒక కాగితం వచ్చింది. మండపేట కుర్రాడు. ఎందుకు చేరావురా అని తర్వాత అడిగితే, కొబ్బరి ముక్కలు బాగున్నాయండి అన్నాడు. వాడు ఇప్పుడు మంచి స్థితిలోనే ఉన్నాడు. మొత్తం తొమ్మిది. ఆఖరు తేదీ సోమవారం.

ఇంటికెళ్ళి చేసిన మొదటి పని, ఆ రోవర్ వాళ్ళు రాసిన అసలు పరిశోధన పత్రం తెరిచి చదవడం. అన్నాళ్ళూ నేను చదివింది పేపర్లో వచ్చిన నాలుగు పేరాలు, వాట్సాప్‌లో వచ్చిన ఒక బొమ్మ. పత్రంలో వాళ్ళు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశారు: ఇది ప్రధానంగా కొట్టుకొచ్చిన గింజల వయసు అని. వాళ్ళు చెప్పారు, నేను చదవలేదు. రెండు రోజులు కూర్చుని, తర్వాతి ఏళ్ళలో వచ్చిన పత్రాలు కూడా చదివాను. రైతు అడిగిన ప్రశ్నకి అందులో జవాబుంది. చదువుతుంటే ఎన్నాళ్ళుగానో చచ్చుబడిపోయిన హుషారు ఏదో మళ్ళీ లేచింది. అర్ధరాత్రి దాకా మేలుకుని చదివానని గొప్ప చెప్పను. పగలే చదివాను, మధ్యలో కునుకు కూడా తీశాను.

ఆదివారం పొద్దున్నే అటెండరు గారికి ఫోన్ చేశాను. "రామచంద్రపురం వెళ్ళాలండి. ఆ రైతు గారికి జవాబు చెప్పి వద్దాం." ఆయన కూతురు హాలు బయట రిజిస్టర్లో ఊరు, నంబరు రాసి వెళ్ళింది. తన పేరు ఎదురుగా ఇష్టమైన గ్రూపు అన్న చోట జియాలజీ అని రాసి, కొట్టేసి, కంప్యూటర్స్ అని రాసి ఉంది. కొట్టేసిన రాత ఒకరిది, రాసిన రాత ఇంకొకరిది.

బస్సు దిగి కిలోమీటరు నడిచాం. కాలవలకి నీళ్ళు వదిలిన వారం అది. ఆయన నారుమడిలో ఉన్నారు, మోకాళ్ళ దాకా బురద. మమ్మల్ని చూసి కంగారుపడి గట్టెక్కారు.

"అయ్యో, కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ! ఎండలో ఇంత దూరమాండీ?"

"తెలిశాక చెప్పమన్నారుగా. చెప్పడానికొచ్చాం."

ఇంటికి రమ్మంటే వద్దని అక్కడే గట్టు మీద కూర్చున్నాం. అమ్మాయి మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. నేను మొదలుపెట్టాను. అదే రోవర్, కొన్నాళ్ళకి ఇంకోచోట ఇంకో మట్టిరాయిని తీసుకుంది. అందులో కొట్టుకొచ్చిన గింజలతో పాటు, జారోసైట్ అనే పసుపుపచ్చ ఖనిజం కూడా ఉంది. అది ఎక్కడ్నించో వచ్చింది కాదు. మట్టి పేరుకున్నాక, నీళ్ళు తగిలి, అక్కడికక్కడే పుట్టింది. దాని వయసు విడిగా కట్టగలిగితే, నీళ్ళు ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. రెండూ ఒకే పొడిలో కలిసిపోయి ఉన్నాయి కాబట్టి పొడిని రెండు విడతలుగా కాల్చారు.

"రెండు విడతలంటే?" అన్నారాయన.

నేను ఉష్ణోగ్రతలూ అంకెలూ ఎత్తుకున్నాను. ఆయన మొహం చూస్తే గోడకి చెబుతున్నట్టుంది. అప్పుడు, బస్సులో ఇదంతా నా నోట విన్న అటెండరు గారు గొంతు సవరించుకున్నారు. ఈసారి నేను నోరు కట్టేసుకున్నాను.

"నెయ్యీ మైనమూ ఒకే గిన్నెలో గడ్డకట్టాయనుకోండి. సన్నమంట పెడితే ముందు నెయ్యి కరిగి తేలుతుంది. అది తీసేసుకుని మంట పెంచితే అప్పుడు మైనం. అలాగన్నమాటండి. పసుపుపచ్చది ముందే గాలి వదిలేస్తుంది. గింజలు మొండివి, బాగా కాలితే గానీ వదలవు. ముందొచ్చింది వేరే, వెనకొచ్చింది వేరే కొలుచుకున్నారండి."

"ఓహో! ఎంత తేలిందండి మరి?"

"గింజలకి నాలుగు వందల కోట్ల ఏళ్ళు, కాస్త అటూ ఇటూ. పసుపుపచ్చదానికి రెండు వందల కోట్ల పైచిలుకు" అన్నాను. "అంటే మట్టి ఆ రెండింటి మధ్య ఎప్పుడో చెరువులో పడింది. సరిగ్గా ఎప్పుడన్నది ఇంకా ఎవరికీ తెలీదు. మీరడిగిన ప్రశ్నకి పూర్తి జవాబు ఇంకా పుట్టలేదండి."

ఆయన బురద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నారుమడి కేసి చూశారు. తర్వాత ఇంకో ప్రశ్న వేశారు. ఆయన్ని నా క్లాసులో కూర్చోబెట్టాల్సింది.

"చెరువు ఎండిపోయాక దాని మీద ఇంకా ఎంతో మట్టి పడుంటుంది కదండి. ఇప్పుడు ఆ రాయి పైకి కనిపిస్తోందంటే, పైనున్న కప్పంతా పోయుండాలి. అది ఎప్పుడు పోయిందో తెలుస్తుందాండి?"

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి అందుకుంది.

"తెలుస్తుంది నాన్నా. మొదట కాల్చిన రాయిలోనే తెలిసింది. ఆకాశం నుంచి ఎప్పుడూ కిరణాలు పడుతుంటాయి. పైన కప్పున్నంత కాలం లోపలి రాయికి అవి చేరవు. గాలి ఆ కప్పుని కోసుకుంటూ పోయాక కిరణాలు తగులుతాయి. తగిలినప్పట్నించి రాయిలో వేరే రకం వాయువులు కొత్తగా పుడతాయి. పొయ్యిలో వేస్తే అవి కూడా బయటికొస్తాయి. వాటిని కొలిచి చూస్తే సుమారు ఎనిమిది కోట్ల ఏళ్ళట. అంటే రాయి ముసలిదే గానీ, ఎండ చూసి ఎన్నాళ్ళో కాలేదు."

సంవత్సరాల తరబడి పాఠం చెప్పినదాన్ని, అంత శుభ్రంగా నేను చెప్పలేకపోయేదాన్ని. ఆయన కూతురి వైపు తిరిగారు. ఆ పిల్లని అంతకు ముందెప్పుడూ చూడనట్టు చూశారు.

"ఇయ్యన్నీ ఎప్పుడు చదివేవే?"

"రోజూ చదువుతానే ఉన్నాను నాన్నా. నువ్వడగలేదు."

ఆ మాట కోపంగా అనలేదు. మామూలుగానే అంది. ఆయన మొహం మాత్రం ఒక్కసారి వాడిపోయి, మళ్ళీ తేరుకుంది. లేచి పక్కనున్న బోదె కాలవ దగ్గరికెళ్ళి చేతులు కడుక్కున్నారు. తువ్వాలుతో వేళ్ళన్నీ ఒక్కొక్కటే తుడుచుకుంటూ వచ్చారు.

"రాళ్ళు కొట్టుకోవడానికి డిగ్రీ ఎందుకే అని రిజిస్టర్లో నేనే కొట్టేశానండి" అన్నారు నాతో. "కాగితం తెచ్చేరాండి?"

తెచ్చాను. సంచిలో అడుగున పెట్టుకుని, అడగడానికి ధైర్యం చాలక కూర్చున్నాను. ఆయన మజ్జిగ చెంబు మూత బోర్లించి, దాని మీద కాగితం పెట్టి నిదానంగా సంతకం చేశారు. అమ్మాయి వెనక్కి తిరిగి నిలబడింది. ఏడుస్తోందని అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.

పిల్లలూ, తర్వాత ఆ గ్రూపు ఏమైందంటే, ఇప్పటికీ నడుస్తోంది. ఆ అమ్మాయి పీజీ చేస్తోంది, రాళ్ళ వయసు కట్టే పనిలోకే వెళతానంటోంది. రోవర్లకి కూడా ఇంకా తెలియనివి చాలా ఉన్నాయి. వాటి పొయ్యిలు చిన్నవి, కొలతల్లో తేడాలు పెద్దవి. అక్కడి రాయి ఇక్కడి ల్యాబులకి చేరితే లెక్కలన్నీ మళ్ళీ మారొచ్చు. మారనివ్వండి. మీలో ఎవరో ఒకరు మార్చండి, నేను బతికుంటే చదువుతాను. ఈసారి పత్రం మొత్తం చదువుతాను.

ఆ రోజు తిరుగు బస్సులో జనం బాగానే ఉన్నారు. మా ఇద్దరికీ వెనక సీటు దొరికింది. కాగితం నా ఒళ్ళో ఉంది. ద్వారపూడి దాటాక చూస్తే అటెండరు గారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. శబ్దం లేదు, భుజాలు కదులుతున్నాయి. ఆ నెలంతా ఆ మనిషి ఎంత భయపడ్డారో, ఒక్కసారి కూడా నాతో అనలేదు. నాకూ ఆగలేదు. ఇద్దరం కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చాం.

ముందు సీట్లో ఒకావిడ వెనక్కి తిరిగింది. ఒళ్ళో తాటిముంజెల గంప. "ఎవరు పోయారమ్మా?" అంది మెల్లగా.

"ఎవరూ పోలేదండి. మా గ్రూపు బతికింది" అన్నాను.

ఆవిడకి ఏం అర్థమైందో గానీ గంపలోంచి రెండు ముంజెలు తీసి చెరొకటి చేతిలో పెట్టింది. అటెండరు గారు దాన్ని తినకుండా పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, బస్సు ఆనకట్ట వైపు తిరిగే దాకా ఏదో ఆలోచించారు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, రేపు ట్రేలన్నీ దించాలండి. కొత్త పిల్లలొస్తారు, చుక్కలు కొన్ని మాసిపోయాయి" అన్నారు.